పదకొండు కిలోల పల్లవి

ఇంకా రాలేదు. పదిన్నరకు వస్తాడన్న ముఖ్య అతిథి పదకొండున్నరైనా రాలేదు, ఆయన కోసం ఏసీలు మాత్రం పొద్దుటి నుంచీ తిరుగుతూనే ఉన్నాయి, ఈ ఫంక్షన్ హాలు చలికి నా ఒళ్లో పల్లవి వణుకుతోంది, వణకదా మరి, ఆ పిల్ల ఒంట్లో ఎముకల మీద తోలు తప్ప ఏముంది, ఆ తోలు మీద ఒక నారింజరంగు స్పంజి గౌను, నెత్తిన ఆకుపచ్చ కాగితాల కుచ్చు. క్యారెట్ అట. మూడేళ్ల పిల్లను క్యారెట్ చేశారు. ముందు వరుసలో ఒక టమాట ఉంది, ఒక వంకాయ ఉంది, సొరకాయ ఏడ్చి ఏడ్చి వాళ్ల టీచరు భుజం మీద నిద్రపోయింది. పౌష్టికాహార మాసోత్సవం గదా, కూరగాయల మీద అవగాహన రావాలట, ఎవరికి రావాలో నాకు తెలియదు. పొద్దున కరీంనగర్ బస్సులో పల్లవి తన గౌను తడుముకుంటూ అడిగింది, "టీచర్, గాజర్ తియ్యగుంటదా?" అని. ఉంటదన్నాను. ఎప్పుడైనా తిన్నావా అని నేనడగలేదు, అడిగితే అది లేదంటుంది, లేదంటే నేను కిటికీలోంచి బయటికి చూడాలి, ఎలాగూ బయటికే చూశాను, గ్రానైట్ దిమ్మెలు మోసుకుని లారీలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి, ఒక్కో దిమ్మె మా అంగన్‌వాడీ సెంటరు గదంత ఉంది. నాకు రోత పుడుతోంది. ఇప్పుడు కాదు, రెండు రోజుల నుంచీ పుడుతోంది, అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే సబ్బు తిన్నట్టుంది, అయినా పొద్దున రెండు ఇడ్లీ తిని కొత్త చీర కట్టుకుని వచ్చాను, సన్మానం నాకే కాబట్టి.

స్టేజీ ముందు నేల మీద దేశపటం వేశారు. ముగ్గుతో కాదు, తిండి గింజలతో. నిన్న మధ్యాహ్నం నుంచి పదిమంది టీచర్లం మోకాళ్ల మీద వంగి పోశాం, పైన బియ్యం, కిందికి వస్తే కందిపప్పు, పెసలు, మధ్యలో ఎర్రపప్పు, మన తెలంగాణ వచ్చే చోట పల్లీలు, సరిహద్దుల పొడుగునా ఉడికించిన గుడ్లు ఒకదాని పక్కన ఒకటి. ఎంత సక్కగ వచ్చిందో అని మేమే ఫొటోలు తీసుకున్నాం. ఆ పప్పు ఎక్కడిది? ఒక్కో సెంటరు నుంచి రెండేసి కిలోలు తెమ్మన్నారు, తెచ్చాం, అంటే పిల్లల పప్పే, పిల్లల గుడ్లే, రేపు చీపురుతో ఊడ్చి ఎత్తుతారు, చెప్పుల మట్టి, గాజు పెంకు, మెరుపుల పొడి అన్నీ కలిసినదాన్ని మళ్లీ కడిగి వండమంటారో పారబొయ్యమంటారో ఎవరూ చెప్పలేదు. మైకులో ఒకాయన పొద్దుటి నుంచి గొంతు సవరించుకుని సవరించుకుని చెబుతున్నాడు, మన దేశం ఇవాళ ప్రపంచంలోని ధనిక దేశాల సరసన కూర్చున్నది, ఇక వెనక్కి చూసే పనే లేదు అని. కూర్చున్నది నిజమే. పాలిష్ పెట్టిన నల్లరాయి నేల మీద పప్పులతో కూర్చున్నది. నా ఒళ్లో పిల్ల దాన్నే చూస్తోంది, రెప్ప వేయడం లేదు, ఇందాక నేను నీళ్ల సీసా మూత తీసేలోపు జారి కిందికి దిగింది, తిరిగి వచ్చి కూర్చున్నప్పుడు గౌను ముందు జేబు ఉబ్బెత్తుగా ఉంది. దేశానికి పడమటి దిక్కున ఒక గుడ్డు తక్కువైంది. తినమన్నాను చెవిలో. తల అడ్డంగా ఊపింది. "తమ్మునికి" అంది, జేబు మీద చెయ్యి పెట్టుకుంది. ఆకలితో కళ్లు లోపలికి పోయిన పిల్ల, జేబులో గుడ్డు పెట్టుకుని తమ్ముడికంటోంది, ఇదేం పిల్లరా దేవుడా అనుకున్నాను, ముద్దొచ్చి అనుకున్నాను, అంతకుమించి ఆలోచించలేదు.

అసలు జిల్లా మొత్తంలో ఈ పిల్లనే ఎందుకు పిలిచారంటే నా వల్ల. నా వేళ్ల వల్ల. మా సెంటరులో తూకం మిషనుకు సెల్లులు అయిపోయి ఏడు నెలలైంది. కావాలని రాసి పంపాను, రాలేదు. ఏ కిరాణా దుకాణంలోనైనా దొరికేవే, కొనలేదు, సర్కారు ఇయ్యాల్సింది నేనెందుకు కొనాలని ఒక పంతం, పంతం కూడా కాదు, బద్ధకం, దానికి పంతమని పేరు పెట్టుకున్నాను. తూకం లేకపోయినా ఫోనులో నెలనెలా ఎక్కించక తప్పదు. పిల్ల తూకం తగ్గిందని ఎక్కిస్తే ఫోను ఊరుకోదు, ఎర్రగా అవుతుంది, ఇంటికి పోయినావా, ఫొటో ఏది, దవఖానకు పంపినావా అని వరుసగా అడుగుతుంది, సాయంత్రానికి సూపర్‌వైజరు ప్రమోదిని మేడం ఫోను, నీ ఒక్క సెంటరే నా పరువు తీస్తున్నది రమా అని. అందుకని మేమందరం చేసే పని ఒకటుంది, ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు, ఉద్యోగంలో చేరిన ఏడాదికల్లా అందరికీ వచ్చేస్తుంది. పోయిన నెల తూకానికి రెండు వందల గ్రాములు కలపడం. అంతే. పొయ్యి మీద అన్నం పొంగేలోపు మా ఊరి పిల్లలు ఇరవై ఎనిమిది మంది పెరిగేవారు. జ్వరం వచ్చినా పెరిగారు, విరేచనాలైనా పెరిగారు, ఒక పిల్లాడు నెలరోజులు ఊళ్లోనే లేడు, వాడూ పెరిగాడు. పల్లవి పోయిన చలికాలంలో పసుపు రంగులో ఉండేది, అంటే తక్కువ తూకం, జాగ్రత్తగా చూడాల్సిన పిల్ల. ఏడు నెలల్లో నేను దాన్ని పచ్చలోకి, అంటే సరైన తూకంలోకి ఎక్కించాను. పసుపు నుంచి పచ్చకు ఎక్కిన పిల్లల్లో అంత నిటారైన తూకం గీత ఇంకెక్కడా లేదట, పై ఆఫీసులో ఎవరో చూసి మెచ్చుకున్నారట. నిజంగా పెరిగే పిల్ల గీత అంత నిటారుగా ఉంటుందా అని ఒక్కరికి అనుమానం రాలేదు. లేక వచ్చిందా, వచ్చి మింగారా.

మొన్న మేడం ఫోను చేసి "ముబారక్ రమా, నీ పాపను స్టేజి మీద తూకమేస్తరు" అనగానే పరుగెత్తి సెల్లులు కొన్నాను. పల్లవిని నిలబెట్టాను. తొమ్మిది పాయింట్ ఒకటి. దింపి మళ్లీ నిలబెట్టాను, నేనెక్కి చూశాను, బియ్యం పాకెట్ పెట్టి చూశాను, మిషను సక్కగా ఉంది, మూడోసారీ తొమ్మిది పాయింట్ ఒకటే. నా ఫోనులో పల్లవి పదకొండు కిలోల రెండు వందలు. పసుపులో ఉన్నప్పటి కన్నా తగ్గింది పిల్ల, ఏడు నెలలుగా తగ్గుతూ ఉంది, నా కళ్ల ముందు రోజూ పలక పట్టుకుని కూర్చుని తగ్గింది. జబ్బ చుట్టూ పెట్టే కాగితం టేపు తీస్తే ఎర్రరంగు దగ్గరే ఆగింది. అట్లాంటి పిల్లను వెంటనే పెద్ద దవఖానకు పంపాలి, బక్కచిక్కిన పిల్లలకు అక్కడ వేరే వార్డే ఉంది, పద్నాలుగు రోజులు తల్లినీ పిల్లనూ ఉంచుకుని పాలూ మందూ పోస్తారు, రాసి పంపడానికి చీటీల పుస్తకం కూడా నాకిచ్చారు. నా సంచిలోనే ఉంది అది ఇప్పుడు కూడా. మొదటి కాగితం చించలేదు. పచ్చలో ఉన్న పిల్లకు చీటీ ఎట్లా రాస్తాను, రాస్తే ఏడు నెలల రాత ఎవరిదని అడగరా, ఈ ఉద్యోగం పోతే నాకు ఇంకోటి ఎవడిస్తాడు. ఇట్లా అనుకుంటూ రెండు రోజులు గడిపాను. అనుకుంటూనే చీరకు ఫాల్ కుట్టించుకున్నాను.

మేడంకు చెప్పలేదా అంటే చెప్పాను, పొద్దున్నే, స్టేజీ పక్క గదిలో, అతిథుల కోసం జీడిపప్పు, బాదం గిన్నెల్లో సర్దుతుంటే. "మేడం, పల్లవి తొమ్మిదే ఉన్నది. ఎరుపుల ఉన్నది. స్టేజి మీద వద్దు, దవఖానకు పంపుదాం" అన్నాను. ఆమె చెడ్డ మనిషి కాదు, అదే నాకు ఇంకా కంపరం, పిల్ల గడ్డం పట్టుకుని "అయ్యో బంగారం" అంది, ఒక జీడిపప్పు నోట్లో పెట్టింది, తర్వాత నా వైపు తిరిగి గొంతు తగ్గించి "ఇప్పుడా చెప్పుడు? కార్డులు అచ్చేసినం, పేపరోళ్లు వస్తున్నరు. దవఖాన ఏడికి పోదు రమా, వచ్చే సోమవారం పంపుదాం, మెల్లగ" అంది. "మరి తూకం?" అంటే గది చుట్టూ చూసింది. గోడ వారగా సన్మానం పలకలు పేర్చి ఉన్నాయి, నల్ల గ్రానైట్‌వి, ముఖ్య అతిథి వెంకటేశ్వర్‌రావు గారి రాళ్లు కోసే యార్డులోనే చెక్కించినవి, ఆయన పేరు పెద్దగా, మా పేర్లు చిన్నగా. ఒకటి ఎత్తి చేతిలో ఆడించి చూసింది, తర్వాత తూకం మిషను మీదే పెట్టి చూసింది. "రెండు కిలోల పైమాటే. సార్ ముందుగాల షీల్డు పాప చేతులకిస్తరు, పట్టుకోనే మిషన్ ఎక్కుతది. ఫొటోకు గూడ మంచిగుంటది. నువ్వు జర పరేషాన్ గాకు" అంది. నేను తలూపాను. తల దానంతటదే ఊగింది, పదహారేళ్లుగా మీటింగుల్లో ఊగీ ఊగీ దానికి అలవాటైపోయింది.

తూకం పెంచడం నాకు కొత్తా. జమ్మికుంట మార్కెట్టు యార్డులో, నేను నాలుగో తరగతిలో ఉండగా, తెల్లారకముందే బండి దిగి మా అమ్మ రామవ్వ, మేం అవ్వ అనేవాళ్లం, పత్తి బోరాల మీద చెంబుతో నీళ్లు చిలకరించింది, వేపకొమ్మతో, నెమ్మదిగా, పెళ్లిలో పన్నీరు చల్లినట్టు. బాపు అటు తిరిగి నిలబడ్డాడు. తర్వాత వ్యాపారి వచ్చి బోరాలో మోచేతి దాకా చెయ్యి దూర్చి, తీసి, పిడికెడు పత్తి ముక్కు దగ్గర పెట్టుకుని, నవ్వుతూ బాపు మొహం మీదికి విసిరాడు. "రాజయ్యా, పత్తి అమ్ముతున్నవా, నీళ్లా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వినవాడి కాంటాలో కూడా మోసమే ఉండేదని అందరికీ తెలుసు, కానీ వాడికెవరూ పత్తి విసరలేదు. ఆ ఏడే బాపు దుబాయి పోయాడు. అక్కడి నుంచి క్యాసెట్టులో మాట పంపేవాడు, నేను మంచిగున్న, తిండికి తక్లీఫ్ లేదు, ఫికర్ చెయ్యకుండ్రి అని, అవ్వ ఆ క్యాసెట్టును రోజూ వేసుకుని నవ్వేది. నాలుగేళ్లకు తిరిగొచ్చిన బాపును నేను గుర్తు పట్టలేదు, చొక్కా హ్యాంగర్‌కు వేలాడినట్టు ఉన్నాడు, అంత బంగారమున్న దేశంలో ఎండు రొట్టె తిని బతికాడట. మంచిగున్న అన్న మాట నమ్ముకుని మేము ఇంట్లో కడుపు నిండా తిన్నాం. ఇది ఎందుకు గుర్తొస్తోంది ఇప్పుడు. గుర్తు రావద్దు. పత్తికి నీళ్లు చల్లితే ఆ పత్తి చావదు.

బ్యాండు మోగింది. వచ్చాడు. పల్లవి ఉలిక్కిపడి నా మెడ పట్టుకుంది. తెల్ల బట్టలు, బంగారు గడియారం, చుట్టూ పదిమంది, సెంటు వాసన ముందు, ఆయన వెనక. పప్పుల దేశం చుట్టూ తిరిగి "వాహ్" అన్నాడు, ఒకరి బూటు తగిలి కింది కొసన పెసలు చెదిరాయి, ఒక టీచరు పరుగున వచ్చి వంగి చేత్తో సర్దింది. దీపం, దండలు, ఒక్కొక్కరి ఉపన్యాసం. పోషణ అన్న మాట ఎన్నిసార్లు అన్నారో, ఆ మాటకు ఇక రుచీ పచీ లేదు, నమిలి ఉమ్మేసిన చెరుకు పిప్పిలా ఉంది. నా పేరు పిలిచారు. ఎక్కాను. శాలువా కప్పారు, కొత్త శాలువా, గంజి వాసన. ఆయన వంగి పల్లవి బుగ్గ గిల్లాడు, గిల్లడానికి ఏమీ దొరకలేదు, చెయ్యి తలమీదికి మార్చాడు, ఆకుల కుచ్చు సవరించాడు. మైకు పిల్ల నోటి దగ్గర పెట్టి "పేరేంది బిడ్డా? మీ అవ్వ ఏం జేస్తది?" అన్నాడు. "రాళ్లు మోస్తది" అంది పల్లవి. హాలంతా నవ్వింది. ముద్దుగా చెప్పిందట. నేను అన్నాను, ఎందుకన్నానో, "మీ యార్డులనే సర్. గంగుబాయి అని, ఆదిలాబాద్ దిక్కు నుంచి వచ్చింది, కోసిన ముక్కలు మోస్తది. ఇయ్యాల సెలవు దొరకలే" అని. ఆయన ముఖం వెలిగిపోయింది. "సూసిండ్రా! మా యార్డు మనిషి బిడ్డనే జిల్లాల ఫస్టు!" అన్నాడు మైకులో. చప్పట్లు. నేను కూడా కొట్టాను. నా రెండు చేతులతో కొట్టాను.

పలక పిల్ల చేతుల్లో పెట్టారు, రెండు చేతులూ చాచి పొట్టకు ఆనించుకుంది, మిషను ఎక్కింది. పదకొండు పాయింట్ ఐదు. మేడం గట్టిగా చదివింది. కెమెరాలు మెరిశాయి, ఇంకొకటి సార్, ఇటు సార్, పాపా ఇటు చూడు, నవ్వు. పిల్ల నవ్వలేదు. మోకాళ్లు ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి, మోచేతులు కిందికి కిందికి దిగుతున్నాయి, అయినా వదల్లేదు, పట్టుకోమన్నారు కాబట్టి పట్టుకుంది, వాళ్ల అమ్మ కూడా ఇట్లాగే పట్టుకుంటుంది, కింద పడితే కూలి పోతుంది. నా వైపు చూసింది. "టీచర్, బరువున్నది" అంది. అంతే అంది. నేను ముందుకు వంగి రాయి తీసేసుకున్నాను. ధైర్యంతో తీయలేదు, చూడలేక తీశాను. మిషను అంకెలు ఒక్కసారి గిర్రున తిరిగి తొమ్మిది పాయింట్ మూడు దగ్గర ఆగాయి, ఆ పైన రెండు వందలూ గౌనువీ, జేబులో గుడ్డువీ. ఆయన చూశాడు. నేను చూశాను ఆయన చూడడం. "ఏందిది, మిషన్ ఖరాబైందా?" అన్నాడు. "సెల్లులు డౌనైనయ్ సర్, పాతయి" అంది మేడం తడుముకోకుండా. "అయ్యో, కొత్తయి నేను పంపిస్త, రాసుకోండ్రి" అన్నాడు, మైకులో మళ్లీ చప్పట్లు. "కొత్తయే సర్, మొన్ననే ఏసిన. మిషన్ మంచిగున్నది. నేను రాసిందే తప్పు" అన్నాను. పాట మొదలైంది అప్పుడే, పెద్ద స్పీకరు నా పక్కనే ఉంది, నా మాట నాకే వినబడలేదు. ఫొటోగ్రాఫరు మాత్రం నా పెదాలు కదలడం చూసి "టీచర్, జర పక్కకు జరుగుండ్రి, అడ్డమొస్తున్నరు" అన్నాడు.

జరిగాను. పల్లవిని ఎత్తుకున్నాను, రాతిని మిషను మీదే పెట్టాను, అది రెండు కిలోల రెండు వందలు చూపిస్తూ ఉండిపోయింది, స్టేజీ దిగి పప్పుల పక్కనుంచి నడిచి బయటికి వచ్చాను. వెనక మేడం పిలుస్తోంది, "రమా, భోజనాలున్నయ్, ఏడికి?" అని. బయట మెట్లు కూడా గ్రానైట్‌వే, ఎండకు కాలుతున్నాయి, అయినా పిల్లకు హాయిగా ఉన్నట్టుంది, వణుకు తగ్గింది. స్పంజి గౌను విప్పేశాను. శాలువా తీసి చుట్టాను. సంచిలోంచి చీటీల పుస్తకం తీసి మోకాలి మీద పెట్టుకుని మొదటి కాగితం మీద పేరు, వయసు, తూకం తొమ్మిది పాయింట్ ఒకటి అని రాసి సంతకం చేసి చించాను. పెద్ద దవఖాన ఇక్కడికి ఆటోలో పది నిమిషాలు. తల్లి లేకుండా చేర్చుకోరు. గంగుబాయికి ఫోను చేశాను, నాలుగోసారికి ఎత్తింది, వెనక రాళ్లు కోసే మిషను గోల.

"గంగుబాయి, నేను టీచర్‌ను. పల్లవిని పెద్ద దవఖానకు తీస్కపోతున్న. నువ్వు రావాలె, పద్నాలుగు రోజులు ఆడ్నే ఉండాలె."

"ఏమైంది? పడ్డదా?"

"పడలే. బగ్గ బక్కగైంది. తూకం తగ్గింది."

"తగ్గుడేంది?" అంది. గోల మధ్యలోంచి అరుస్తున్నట్టే ఉంది గొంతు. "ప్రతి నెల నువ్వే జెప్తివి గద టీచర్, పల్లవి పచ్చల ఉన్నది, ఫికర్ లేదని. చిన్నోడు బక్కగున్నడని నువ్వు ఇంటికిచ్చిన దాని గుడ్లు గూడ వానికే పెడ్తున్న. గది నాకు నాకు అని ఏడుస్తే, నీకు నక్కో, వద్దు, నువ్వు మంచిగున్నవ్ అని రెండు ఏసేదాన్ని." తర్వాత "వస్తున్న" అంది. ఫోను పెట్టేసింది.

నా రాతే తప్పని ఆమెకు చెప్పడానికి ఒక్క క్షణం ఉండింది, పోనిచ్చాను. నా మీద నాకే ఉమ్మి వేయాలనిపించింది, లోపల ఆ స్టేజీ మీద ఉన్నవాళ్లు ఎవరూ ఈ పిల్ల నోటి దగ్గరి గుడ్డు తీయలేదు, తీసింది నేను, నెలకోసారి, అన్నం పొంగేలోపు. పల్లవి విప్పేసిన గౌను జేబులోంచి గుడ్డు తీసుకుని పిడికిట్లో పెట్టుకుని ఉంది. వేళ్లు ఒక్కొక్కటే విప్పి తీసుకున్నాను, మెట్టు మీద కొట్టి పొట్టు వలిచాను, తెల్లగా వచ్చింది.

"తిను" అన్నాను.

"తమ్మునికి."

"తమ్మునికి వేరే ఇస్త. ఇది నీదే."

గుడ్డు వైపు చూసింది, నా వైపు చూసింది. "అవ్వ కొడ్తది" అంది. మళ్లీ "అవ్వకు నువ్వు చెప్తవా?" అంది.

"చెప్త" అన్నాను. ఏమని చెప్పాలో తెలిసే అన్నాను. అప్పుడు కొరికింది.